ఎంతమందిలో ఎంతమందికి? ఒక యువ సైన్స్ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. భాష గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు, చదివించేలా రాస్తున్నావు. నాకు కాస్త టెన్షన్ పుట్టింది కూడా అందుకే. చప్పగా రాసేవాడు లెక్క తప్పు చెబితే ఎవరికీ పెద్దగా నష్టం లేదు, ఎవరూ చివరిదాకా చదవరు. నువ్వు చెబితే నమ్ముతారు. మూడింటిలోనూ ఒకటే లోటు: ఏం కనుక్కున్నారో చెప్పావు, ఎంత కనుక్కున్నారో చెప్పలేదు.

ముందు గుండె వ్యాసం, అదే బరువు తగ్గించే ఇంజక్షన్ సెమాగ్లుటైడ్ మీద రాసింది. "సెమాగ్లుటైడ్‌తో గుండెపోటు ముప్పు 20 శాతం తగ్గుతుంది" అని మొదలుపెట్టావు. ఆ అంకె 2023లో ఫలితాలొచ్చిన సెలెక్ట్ అనే ట్రయల్‌దే, అంటే ఆ మందును మనుషుల మీద పరీక్షించిన అధ్యయనానిదే, నువ్వు కల్పించింది కాదు. కానీ చదివినవాళ్లకు వందలో ఇరవైమంది గండం గట్టెక్కుతారనిపిస్తుంది. అసలు సంగతి చూడు. 17,604 మందిని రెండు గుంపులుగా విడదీశారు. అందరూ 45 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, అప్పటికే గుండెజబ్బో రక్తనాళాల జబ్బో వచ్చినవాళ్లు. షుగర్ మాత్రం లేదు. సగటున మూడేళ్లకు పైగా గమనించారు. మందులేని ఉత్తుత్తి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికి గుండెపోటో, స్ట్రోకో, గుండెజబ్బుతో మరణమో సంభవించింది. మందు తీసుకున్నవాళ్లలో 6.5 శాతం మందికి. 8 కాస్తా 6.5 అయిందంటే దాదాపు ఐదో వంతు తగ్గినట్టే, కాబట్టి ఆ 20 శాతం నిజమే. అయితే వెయ్యిమందికి అన్నాళ్లు మందు ఇస్తే ఆపద తప్పింది దాదాపు 15 మందికి.

ఆ పదిహేను మందిని నేను తేలిక చెయ్యడం లేదు. గుండె వైద్యంలో అది చెప్పుకోదగ్గ ఫలితమే. కానీ "20 శాతం" విని మందు మొదలుపెట్టేవాడూ, "వెయ్యికి పదిహేను" విని మొదలుపెట్టేవాడూ ఒకే నిర్ణయం తీసుకుంటున్నట్టు కాదు. పైగా సైడ్ ఎఫెక్టుల వల్ల మందు గుంపులో 16.6 శాతం మంది మధ్యలోనే ఆపేశారు, రెండో గుంపులో ఆపింది 8.2 శాతం. ఈ మాట నీ వ్యాసంలో లేదు. గుండెజబ్బు ఏమీ లేకుండా, ఊరికే నాలుగు కిలోలు తగ్గాలనుకునే పాఠకుడి గురించి ఈ ట్రయల్ ఏమీ చెప్పదన్న సంగతీ లేదు. నీ వ్యాసం ఎక్కువగా చదివేది అతనే.

శాతం కనబడ్డప్పుడల్లా "ఎంతమందిలో ఎంతమందికి?" అని అడుగు. అంకె మనుషుల లెక్కలో లేకపోతే "ఎన్నిటికి ఎంత?" అని అడుగు. అల్జీమర్స్ మందు లెకానెమాబ్ జబ్బును 27 శాతం నెమ్మదింపజేస్తుందని 2022లో ఎక్కడ చూసినా హెడ్‌లైన్లే. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద, 18 నెలల తర్వాత, మందు తీసుకున్న, తీసుకోని రెండు గుంపుల మధ్య తేడా 0.45 పాయింటు. ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలు గట్టిగానే చెబుతున్నాయి. రోగికిగానీ ఇంట్లోవాళ్లకుగానీ అది తెలిసొస్తుందా అన్నది వేరే ప్రశ్న, డాక్టర్ల మధ్యే వాదన ఉంది. ఆ వాదనను కూడా రాయాలి, మందును తిట్టడానికి కాదు, అసలు కథ అక్కడే ఉంది కాబట్టి.

అన్ని ఫలితాలనూ ఇలా తగ్గించి చూడమనడం లేదు. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి ఇచ్చే లెనాకపావిర్ ఇంజక్షన్ సంగతి చూడు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద చేసిన ట్రయల్ వివరాలు 2024లో వచ్చాయి. ఇంజక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ సోకలేదు. రోజూ మాత్ర వేసుకోమన్న రెండు గుంపుల్లో, ఒకదాంట్లో 2,136 మందికి 39 మందికీ, ఇంకోదాంట్లో 1,068 మందికి 16 మందికీ సోకింది. ఇలాంటి సున్నా దొరికినప్పుడు "అద్భుతం", "చరిత్రాత్మకం" అనే మాటలు పక్కన పెట్టు. అంకె చెప్పి ఊరుకో.

ఇక గ్రహం వ్యాసం. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బీ మీద "జీవం ఉందని 99.7 శాతం ఖాయం" అన్నావు. ఈ ఒక్క వాక్యం నిన్ను చాలాకాలం వెంటాడేలా ఉంది, ముందు దాన్ని కొట్టెయ్. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ బృందం చెప్పింది వేరు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ పట్టిన కాంతిలో డైమిథైల్ సల్ఫైడ్‌దో, దాని దగ్గరి చుట్టం లాంటి ఇంకో అణువుదో జాడ త్రీ సిగ్మా స్థాయిలో ఉందన్నారు. త్రీ సిగ్మా అంటే, ఆ అణువు అక్కడ లేకపోయినా కేవలం కొలతల్లోని గజిబిజి వల్లే అలాంటి సంకేతం కనబడే అవకాశం వెయ్యికి మూడు. దాన్ని తిరగేసి "ఉండే అవకాశం 99.7" అనకూడదు. అణువు ఉందా అన్నది మొదటి ప్రశ్న. అదే డేటాను మళ్లీ లెక్కగట్టిన ఇతర బృందాలకు అంత గట్టి జాడ కనిపించలేదు. ఉన్నా అది జీవులు చేసిందేనా అన్నది రెండో ప్రశ్న. భూమి మీద దాన్ని ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవులే తయారుచేస్తాయి, నిజమే. కానీ జీవమనేదే లేని 67పీ తోకచుక్క మీదా అది దొరికింది. నువ్వు రెండు ప్రశ్నలనూ ఒకే గెంతులో దాటేశావు.

భౌతికశాస్త్రంవాళ్లు ఫైవ్ సిగ్మా దాకా ఆగుతారు, అంటే దాదాపు 35 లక్షల్లో ఒకటి. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ అనే కణాన్ని ప్రకటించింది ఆ గీత దగ్గరికి చేరాకే. అది అతి జాగ్రత్త అనిపిస్తే 2015 డిసెంబరు గుర్తుచేసుకో. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో రెండు డిటెక్టర్లూ తమ డేటా గ్రాఫులో 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఒక ఎత్తును చూశాయి. కొత్త కణమేమోనని సిద్ధాంతకర్తలు వందల పత్రాలు రాసేశారు. ఇంకాస్త డేటా చేరేసరికి, 2016 ఆగస్టుకల్లా, ఆ ఎత్తు మాయమైంది. ఎవరూ మోసం చెయ్యలేదు. వేల చోట్ల వెతికేవాళ్లకు వెయ్యిలో ఒకటి అనిపించే వింత ఎక్కడో ఓచోట తగలకపోదు.

ఫ్యూజన్, అంటే తేలిక అణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం గురించిన వ్యాసానికి ఒక్క అంకె చేర్చు, చాలు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి ఇంధనపు గుళిక ఉన్న లక్ష్యాన్ని చేరింది, 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చాయి. ఇంతవరకూ నువ్వు రాశావు. ఆ లేజర్లను పేల్చడానికి కరెంటు లైన్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు. అది రాయలేదు. ఆ కేంద్రం ప్రధానంగా కట్టింది అణ్వాయుధాలను పేల్చి చూడకుండానే వాటి స్థితి తెలుసుకోవడానికి, కరెంటు పుట్టించడానికి కాదు. ఆ ముక్క కూడా ఉంటే "ఇక కరెంటు కొరత ఉండదు" అన్న నీ ఆఖరి వాక్యం దానంతట అదే రాలిపోతుంది.

ఇదంతా చదివి నువ్వు భయపడి ప్రతి క్రియ చివరా "కావచ్చు", "ఉండొచ్చు", "అంటున్నారు" తగిలిస్తావేమోనని నా అనుమానం. అది ఇంకా విసుగు. అనుమానం ఎంతో ఒకచోట అంకెతో చెప్పు, మిగతా వ్యాసమంతా ధీమాగా రాయి. అది కూడా పైనే చెప్పు, రెండో పేరాలోనో మూడో పేరాలోనో. చివరి పేరాలో "అయితే మరిన్ని పరిశోధనలు అవసరం" అని అతికించడం నాకు అస్సలు నచ్చదు, అక్కడిదాకా వచ్చేది ప్రూఫ్ చూసేవాడొక్కడే. పత్రికా ప్రకటనతో సరిపెట్టుకోకుండా అసలు పత్రం తెరువు. అందులో గణితం అర్థం కాకపోయినా ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు, ఎన్నాళ్లు చూశారు, దేనితో పోల్చారు అన్నవి అర్థమవుతాయి. ఆ పత్రంలో పేరు లేని, అదే రంగంలో పనిచేసే ఒకరికి మెయిల్ పెట్టు. చాలామంది జవాబిస్తారు.

ఇంకొక్కటి. నీ మూడు వ్యాసాలూ అప్పటికే మోగిపోయిన వార్తల మీదే. 1993లో ఓ చిన్న పురుగులో చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక ఒక జన్యువును అదుపు చేస్తోందని శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌ల బృందాలు రాస్తే, ఆ పురుగుకే పరిమితమైన వింతనుకుని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2000లో అలాంటిదే మనుషులతో సహా ఎన్నో జీవుల్లో ఉందని తేలింది. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మోగని పత్రాలను కూడా నెలకు ఒకటో రెండో చదువుతూ ఉండు. వాటి మీద రాయమని ఇప్పుడే అనను.

ముందుగా గుండె వ్యాసం సరిచేసి పంపు. గ్రహం మీద జీవముందో లేదో ఇంకొన్నాళ్లు ఆగి చెప్పినా ఎవరికీ ఏమీ కాదు. ఆ మందు వ్యాసం చదివి మాత్రం ఎవరో ఒకరు రేపే డాక్టరు దగ్గరికి వెళ్తారు. సైడ్ ఎఫెక్టుల పేరా హెడ్‌లైన్‌కు దగ్గర్లో ఉండేలా చూడు.