రెగ్యులేషన్ బుక్కు ఎవరు చదువుతారు సార్?

ఈసారి వచ్చిన జాబుల్లో సగం పైన కాలేజీ గోలే. నేను అనంతపురంలో ముప్పై ఏండ్లకు పైగా మ్యాథ్స్ చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఇవి నాకే వదిలేసినారు పత్రికోళ్ళు. నాలుగు జాబులకు జవాబులు రాస్తున్నా, పేర్లు ఊళ్ళు మార్చినా.

సార్, మాది ఆదోని పక్కన పల్లె. నాయిన పత్తి వేస్తాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కర్నూలు దగ్గర ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో సీఎస్ఈ ఫస్టియర్‌లో చేరినా. క్లాసులో అంతా ఇంగ్లీషే, సగం అర్థం కాదు, అందుకే కొన్ని రోజులు పోలేదు. ఇప్పుడు అటెండెన్స్ 68 ఉంది. మ్యాథ్స్ ఫస్ట్ మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష)లో 30కి 7. సీఆర్ (క్లాస్ లీడరు) ఏమో కండొనేషన్ ఫీజు, అంటే తక్కువ అటెండెన్స్‌ని మన్నించే ఫీజు, కడితే చాలు, ఏం కాదు అంటాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నాయనా, ముందు అటెండెన్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే మార్కులకు సప్లీ (మళ్ళీ రాసే పరీక్ష) ఉంది గానీ అటెండెన్స్‌కి సప్లీ లేదు.

మీ సీఆర్ చెప్పింది జేఎన్టీయూ అనంతపురం కింద ఉండే కాలేజీల లెక్క. అక్కడ 75 శాతం ఉండాల, 65కీ 75కీ మధ్యలో ఉంటే సరైన కారణం, దానికి కాగితం చూపిస్తే కమిటీ ఒప్పుకోవచ్చు, అప్పుడు ఫీజు కట్టాల. 65 కింద పడితే ఎవరు చెప్పినా వినరు. ఫీజు కడితే చాలు అనేది అక్కడ కూడా సగం మాటే. ఇంక నీది ప్రైవేట్ యూనివర్సిటీ, దాని రూల్స్ అదే రాసుకుంటుంది, కండొనేషన్ ఉందో లేదో, ఉంటే ఎంత దాకానో మీ రెగ్యులేషన్ బుక్కులో ఉంటుంది. అడ్మిషన్ రోజు బ్యాగుతో పాటు ఇచ్చి ఉంటారు చూడు, లేకుంటే వెబ్‌సైట్లో పీడీఎఫ్ ఉంటుంది. ఎవరూ చదవరు దాన్ని. నువ్వు అటెండెన్స్ పేజీ ఒక్కటి చదువు.

ఇప్పుడు లెక్క. ఇప్పటిదాకా 250 పీరియడ్లు జరిగినాయనుకో, 68 శాతం అంటే నువ్వు పోయినవి 170. 250లో 75 శాతం 188 కదా, ఇంకో 18 పీరియడ్లు పోతే చాలు అనుకుంటారు పిల్లోళ్ళు. అట్ల కాదు. నువ్వు పోయే కొద్దీ జరిగిన క్లాసులు కూడా పెరుగుతా ఉంటాయి. ఒక్కటి కూడా ఎగ్గొట్టకుండా వరసగా 70 పీరియడ్లు పోతేనే 320కి 240 అయ్యి 75 తగులుతుంది. రోజుకు 7 పీరియడ్లంటే పది రోజులు. నీ అసలు నంబర్లు పోర్టల్లో ఉంటాయి, ఇదే పద్ధతిలో వేసుకో. సెమిస్టర్లో ఇంకా అన్ని రోజులు మిగిలి ఉన్నాయా లేదా అనేది ఈ రోజే చూసుకో, వచ్చే వారం కాదు.

7 మార్కులకు అంత భయపడద్దు. చాలా చోట్ల రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు, జేఎన్టీయూ అనంతపురం వాళ్ళ ఆర్20 (2020 రెగ్యులేషన్) పద్ధతి అదే. మీ దాంట్లోనూ అట్లే ఉంటే, సెకండ్ మిడ్‌లో 22 తెచ్చుకుంటే 17.6కి 1.4 కలిపి 19 అవుతుంది. సగటు తీస్తే 14న్నరే. మీ దగ్గర సగటేనేమో, అది కూడా ఆ బుక్కులోనే.

ఇంగ్లీషు విషయం. ఇది పెద్ద సమస్యే, కాదు అని నేను అనను. నా క్లాసులో కదిరి దిక్కు పిల్లోడు ఒకడు ఉండేవాడు, నోట్సులో ఎడమ పక్క నేను బోర్డు మీద రాసింది, కుడి పక్క వాని తెలుగు. ఐగెన్ వాల్యూస్ లెక్క పక్కన "నిలువు గీతల్లో మ్యాట్రిక్స్ పెట్టు, మూలగా ఉన్నవాటిలో లాంబ్డా తీసెయ్, మొత్తం సున్న చెయ్, ఈక్వేషన్ వస్తాది" అని రాసుకున్నాడు. నేను ఆ నోట్సు అడిగి తీసుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించినా, నేను చెప్పిన దానికంటే బాగుంది. నువ్వూ అట్లే రాసుకో. ఐఐటీ వాళ్ళ ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో కొన్నిటికి తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్ ఉంది, సాంకేతిక విద్య చూసుకునే ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్లో తెలుగు ఇంజనీరింగ్ పుస్తకాలు ఫ్రీగా దొరుకుతాయి. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాల, సరే, కానీ అర్థం కావడానికి ఏ భాషైతే ఏమి.

ఇంట్లో మాత్రం చెప్పు. పరీక్ష రాయనీయమని చెప్పే డిటెన్షన్ లెటర్ పోస్టులో పోయి మీ నాయిన ఎవరితోనో చదివించుకునే దాకా తెచ్చుకోకు.

సార్ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా పాపను జూన్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో చేర్పించి ఫీజు కట్టినాము, ఒరిజినల్స్ కూడా ఇచ్చినాము. తర్వాత కౌన్సెలింగ్‌లో గవర్నమెంట్ కాలేజీలో సీటు వచ్చింది. ఆఫీసుకు పోతే నాలుగేండ్ల ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొమ్మంటున్నారు.

అమ్మా, ఆ మాట ఎవరన్నారో పేరు, తేదీ రాసిపెట్టుకోండి. కానీ కోపంగా పోవద్దండి, కాగితంతో పోండి.

యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబర్‌లో దీని మీదే నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాల, దగ్గర పెట్టుకునే హక్కు యూనివర్సిటీకి లేదు. మానేసిన పిల్లలను మిగతా సంవత్సరాల ఫీజు అడగడం అసలే కుదరదు. ఫీజు వాపసు అడ్మిషన్ల చివరి తేదీని బట్టి ఉంటుంది: ఆ తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందు మానేస్తే మొత్తం వెనక్కి ఇవ్వాల, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5000 దాటకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి ఇంకా 15 రోజుల లోపే ఉన్నప్పుడు మానేస్తే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల్లో అయితే 80, 30 రోజుల్లో అయితే 50, ఆ పైన ఏమీ రాదు. ఈ మధ్య కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా మంచి గడువుతో వేరే సర్క్యులర్లు కూడా ఇచ్చింది, ఈ ఏడాదిది ఉందేమో సైట్లో చూడండి.

అంటే రోజులు గడిచేకొద్దీ మీ డబ్బు కరుగుతుంది. అందుకని ఈ రోజే పాప చేత "నేను అడ్మిషన్ విత్‌డ్రా చేసుకుంటున్నాను" అని రెండు లైన్లు రాయించి రిజిస్ట్రార్‌కి ఈమెయిల్ పంపించండి, కాపీ చేత్తో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. నోటితో వంద సార్లు చెప్పినా లెక్కలోకి రాదు, ఆ తేదీయే ముఖ్యం. కదలకపోతే 2023 రూల్స్ ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, పైన ఒక అంబుడ్స్‌పర్సన్ (కమిటీ మీద అప్పీలు వినే మనిషి) ఉండాల, వాళ్ళకు రాయండి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లో కూడా పెట్టండి. నేను చూసినంతవరకూ ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టేసరికే సగం మంది గొంతు తగ్గుతుంది.

ప్రైవేట్ యూనివర్సిటీకి 12బి లేదు, ఆ డిగ్రీ గ్రూప్-2కి పనికిరాదు అని మా మామ అంటున్నాడు. నిజమా సార్?

మీ మామకు రెండు కలిసిపోయినాయి. 12బి అనేది యూజీసీ చట్టంలో ఒక సెక్షన్, యూజీసీ గ్రాంట్లు తీసుకోవడానికి. డిగ్రీ ఇవ్వడానికి రాష్ట్రం చట్టం చేసి ఏర్పాటు చేసిన యూనివర్సిటీ అయ్యుండాల, యూజీసీ లిస్టులో పేరు ఉండాల, అంతే, గ్రూప్-2కి ఆ డిగ్రీ పనికొస్తుంది. మన రాష్ట్రంలో 2016 చట్టం కింద వచ్చినవి అట్లాంటివే. లిస్టు యూజీసీ సైట్లో ఉంది, ఫేక్ యూనివర్సిటీల లిస్టు కూడా పక్కనే ఉంటుంది, రెండూ మామకు చూపించు.

సార్ ఇది సీరియస్ క్వశ్చన్ కాదు. హాస్టల్ మెస్‌లో వారానికి మూడు రోజులు ఉప్మా, ఒక్క రోజు కూడా ఉగ్గాని పెట్టరు. కడుపు మండుతుంది.

ఎందుకు కాదు, అన్నిట్లోకీ సీరియస్ ఇదే. మెస్ కమిటీ అని ఒకటి ఉంటుంది, మీటింగుకి ఎవరూ పోరు కాబట్టి వంటాయన వేసిందే మెనూ. నీ ఫ్లోరులో నలుగురిని తీసుకుని పో. ఖర్చు ఎక్కువ అంటారేమో, బొరుగులకు ఉప్మా రవ్వ కంటే ఏమంత తేడా రాదు. కష్టం ఎక్కడంటే, ఐదు వందల మందికి బొరుగులు ఒకేసారి నానబెడితే ముద్దయిపోతాయి, నీళ్ళల్లో ముంచి వెంటనే పిండి తీయాల, కొంచెం కొంచెంగా. పప్పుల పొడి చివర్లో వేయమను. బజ్జి సంగతి మొదటి మీటింగులోనే ఎత్తద్దు, ఉగ్గాని ఒప్పుకున్నాక రెండో నెలలో అడుగు.