పర్మిట్ లేని థాయ్‌లాండ్ మొక్కలు: ఏజెంటు దగ్గర డబ్బు రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ. థాయ్‌లాండ్ నుంచి అగ్లోనిమా (రంగురంగుల ఆకుల అలంకరణ మొక్క) తల్లి మొక్కలు తెప్పిస్తానంటే చెన్నై ఏజెంటుకు రూ.2,40,000 కట్టాను. అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కలకు పురుగులు, తెగుళ్లు లేవనే పత్రం) ఉన్నా, ఇంపోర్ట్ పర్మిట్ లేదని చెన్నై విమానాశ్రయంలో ఆపి మొక్కల్ని నాశనం చేశారు. నాకు రూ.30,000 పెనాల్టీ వేశారు. ఉత్తర్వు అంది యాభై రోజులైంది. నన్ను నమ్ముకుని 14 మంది పనివాళ్లున్నారు. ఏజెంటేమో ‘ఈసారి ప్లాస్టిక్ మొక్కలని రాసి తెప్పిద్దాం, నష్టం పూడుతుంది’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. కేసును తేల్చేది మాత్రం మీరు జతపరచిన కొటేషన్ అడుగున ఉన్న ఒక్క లైను: ‘ఇంపోర్ట్ పర్మిట్, క్లియరెన్స్ చార్జీలు రూ.18,000.’ పర్మిట్ తెచ్చే పూచీ ఏజెంటుదేనని చెప్పే కాగితం అదొక్కటే. లామినేషన్ చేయించకుండా, మడతలు పెట్టకుండా భద్రం చేయండి.

ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఎగుమతి చేసే దేశం ఇస్తుంది. పర్మిట్ మన ప్రభుత్వం ఇస్తుంది. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం నాటుకునే మొక్కలకు రెండూ ఉండాలి. ఒకరి పర్మిట్ ఇంకొకరికి చెల్లదు. కాబట్టి మొక్కల్ని ఆపడం అన్యాయమనే వాదన నిలవదు.

ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ చాట్ పోయిందని ఒక మూల రాసి వదిలేశారు. ఇన్ని లక్షల బేరం ఫోన్లోనే నడిపి బ్యాకప్ కూడా తీసుకోకపోవడం క్షమించరాని అజాగ్రత్త. రేపు ఏజెంటు ‘పర్మిట్ లేకుండా తెమ్మన్నది ఆయనే’ అంటే ఏం చూపిస్తారు? తెలిసీ చట్టవిరుద్ధమైన బేరం చేశారని కోర్టు నమ్మితే, అలాంటి ఒప్పందం చెల్లదనే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ మీ దావాకే అడ్డు. పాత ఫోన్ ఎవరికీ అమ్మకండి. అందులో చాట్ దొరికితే, 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామన్నారు. అక్కడ రెండేళ్ల గడువుంది, మీ ఊరి జిల్లాలోనే వేయొచ్చు. కానీ జాలి కోసం మీరు రాసిన ఆ 14 మంది పనివాళ్ల మాటే మీకు ఎదురు తిరుగుతుంది. వ్యాపారం కోసం కొన్నవారి ఫిర్యాదు అక్కడ చెల్లదు, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికే మినహాయింపు. మీది వ్యాపారమని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. మీకు సివిల్ దావాయే సరైనది. గడువు మూడేళ్లు. మొత్తం మూడు లక్షల లోపే కాబట్టి వాణిజ్య కోర్టుకు వెళ్లక్కర్లేదు, మామూలు సివిల్ కోర్టు చాలు.

ప్లాస్టిక్ మొక్కల మాట మాత్రం చెవిన పెట్టకండి. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే కస్టమ్స్ చట్టం 114ఏఏ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా పెనాల్టీ పడుతుంది. పైగా ఒక్కసారి అలా దొరికారంటే, మొదటిసారి తెలియక జరిగిందన్న మీ వాదన ఎవరూ నమ్మరు. మొక్కతో వచ్చే పురుగు మీ ఒక్కరి నర్సరీతో ఆగదు, కడియం మొత్తానికి పాకుతుంది. ప్లాస్టిక్ మొక్కల మాట ఏజెంటు మెసేజ్‌లో పెట్టి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచండి, జవాబివ్వకండి.

పెనాల్టీపై కస్టమ్స్ కమిషనర్ (అప్పీల్స్)కు అప్పీలు చేసే గడువు ఉత్తర్వు అందిన నాటి నుంచి 60 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 30, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. పెనాల్టీలో 7.5 శాతం ముందుగా కట్టాలి. కొటేషన్ కాపీ జతచేసి, పర్మిట్ బాధ్యత ఏజెంటుకు అప్పగించి డబ్బు కూడా కట్టానని చెప్పి, పెనాల్టీ తగ్గించమని అడగండి. ఏజెంటుకు లాయరు నోటీసు వచ్చే వారం ఇచ్చినా నష్టం లేదు. అప్పీలుకు మీ చేతిలో ఉన్నది పది రోజులే.