కుక్కపిల్ల వస్తే మా ఇల్లు మారుతుందా?

ప్రశ్న: మామగారు పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి అత్తగారు గది దాటి బయటికి రావడం లేదు, పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడతారు. పదేళ్ల బాబు స్కూల్ నుంచి వస్తూనే ఫోన్ పట్టుకుంటాడు. కుక్కపిల్ల కావాలని వాడు ఒకటే గొడవ. ఉన్న పనులకే తీరిక లేదంటూ మావారు వద్దంటున్నారు. తెస్తే ఇంట్లో కాస్త సందడి ఉంటుందని నా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు: తెచ్చుకోండి, కానీ మీవారు మనస్ఫూర్తిగా సరే అన్నాకే. ఆయన్ని కాదని తెస్తే అది తడిపిన ప్రతి చాపా, కొరికిన ప్రతి చెప్పూ మీ ఇద్దరి మధ్య తగువవుతుంది. అసలు ఆయన భయంలో న్యాయం ఉంది. కుక్క పది, పన్నెండేళ్లు బతుకుతుంది, మీ బాబు కాలేజీకి వెళ్లినా అది ఇంట్లోనే ఉంటుంది. 'అన్నీ నేనే చూసుకుంటా' అని వాడిచ్చే మాటను నమ్ముకుని దిగొద్దు, పదేళ్ల పిల్లాడు కదా. బాధ్యత మీ పెద్దవాళ్లదే. వాడికి ఒక్క పని అప్పజెప్పండి, రోజూ నీళ్ల గిన్నె కడిగి నింపడం లాంటిది.

మేలు మాత్రం నిజంగా ఉంటుంది. కుక్క, దాని యజమాని కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చెప్పారు, తల్లీబిడ్డల మధ్య అనుబంధం పెంచే హార్మోన్ అదే. అంతకు చాలా ముందే, 1960లలో, బోరిస్ లెవిన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఓ సంగతి రాశారు. ఎవరితోనూ కలవని ఓ పిల్లాడు, గదిలో అనుకోకుండా ఉన్న ఆయన కుక్కతో చనువుగా ఉన్నాడట.

మీ అత్తగారి విషయంలో నాకు ఆశ కలిగించేది ఇదే. దుఃఖంలో ఉన్నవాళ్లను మనం 'ఎలా ఉన్నారు, తిన్నారా, బయటికి రండి' అంటూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం, కుక్క ఏమీ అడగదు, వచ్చి కాళ్ల దగ్గర పడుకుంటుంది, కాసేపటికి వాళ్ల చెయ్యే దాని చెవుల మీదికి వెళ్తుంది. ఆ తర్వాత 'ఇది పొద్దుట్నుంచి ఏమైనా తిన్నదా?' అని ఆవిడే మనవణ్ణి అడగొచ్చు. పోయిన మామగారి గురించి కాక, ఇంట్లో అందరూ మాట్లాడుకోగల విషయం ఒకటి దొరుకుతుంది, మీ ఇంటికి ఇప్పుడు కావలసింది అదేనని నాకనిపిస్తోంది.

అయితే చిన్న కుక్కపిల్ల వద్దు. అది కాళ్లకు అడ్డంపడుతుంది, పెద్దావిడ తూలి పడితే ఇంకో కష్టం. రెండు మూడేళ్ల, నెమ్మదస్తురాలైన కుక్కను చూడండి, రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే గోల కూడా తక్కువ. పశువైద్యుడికి చూపించి రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించాకే పిల్లాడి చేతికివ్వండి. తెలిసినవాళ్లు ఊరెళ్తున్నప్పుడు వాళ్ల కుక్కను ఓ వారం మీ దగ్గర ఉంచుకుంటే ఇంకా మంచిది. ఆ వారంలో పనెంతో మీవారికి తెలుస్తుంది, అత్తగారికి దగ్గరికి రానివ్వాలని ఉందో లేదో మీకు తెలుస్తుంది. ముందు ఆవిణ్ణి అడగడం మరిచిపోకండి, కుక్కలంటే భయం ఉంటే ఈ ఆలోచనే వద్దు.

ఇంకొక్కటి. ఆవిడ సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా, కుక్క సంగతి తర్వాత, ముందు ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.