సీలియాక్ తగ్గుతున్నా రిపోర్టులో ఈ తేడాలెందుకు?

ప్రశ్న: నా వయసు 34. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తొమ్మిది నెలల క్రితం ఎండోస్కోపీ, బయాప్సీ చేసి సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినడం) అన్నారు. అప్పటి నుంచి గోధుమ ముట్టలేదు. విరేచనాలు ఆగాయి, 5 కిలోలు పెరిగాను. కానీ మొన్నటి రిపోర్టులో టీటీజీ-ఐజీఏ 38 (ల్యాబ్ హద్దు 20, మొదట్లో 200 పైనే), హిమోగ్లోబిన్ 11.4, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) 14, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) 52, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 148, విటమిన్-డి 17, ప్లేట్‌లెట్లు 4.6 లక్షలు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 5.8 వచ్చాయి. జబ్బు తిరగబెట్టిందా? లివర్ కూడా పాడైందా?

సలహా: మీరు రాసిన అంకెల్ని బట్టి జబ్బు తిరగబెట్టిందని అనుకోనక్కర్లేదు. 200 దాటిన టీటీజీ-ఐజీఏ, అంటే సీలియాక్‌లో పెరిగే యాంటీబాడీలు, 38కి దిగాయంటే పేగు మానే దారిలో ఉందన్నమాట. ఇవి హద్దులోకి రావడానికి కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి రెండేళ్లు కూడా పట్టొచ్చు. ఈ పరీక్ష మాత్రం ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. కిట్ మారితే హద్దూ మారుతుంది, అప్పుడు రాజమండ్రి అంకెని కాకినాడ అంకెతో పోల్చలేం.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ ఇంకా తక్కువగా ఉండటానికి కారణం ఉంది. ఆహారంలోని ఐరన్‌ని పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్ ఎక్కువగా దెబ్బతీసేదీ అక్కడే. నిల్వలు నిండటం ఆలస్యమవుతుంది. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. గంట గడిచేవరకు కాఫీ, టీ, పాలు వద్దు. క్యాల్షియం మాత్ర సాయంత్రానికి మార్చండి, రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదు. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మూడు నెలలు కొనసాగించాలి. నెలన్నరకీ కదలిక లేకపోతే నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, కడుపులో కొంకి పురుగులున్నాయా చూడాలి. తడి చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లలో ఈ రెండోది మరిచిపోకూడదు. అదీ కాదంటే ఐరన్‌ని సెలైన్‌తో ఎక్కించవచ్చు. ఐరన్ లోపంలో ప్లేట్‌లెట్లు కాస్త పెరగడం మామూలే. ఫెరిటిన్ పెరిగాక కూడా అవి దిగకపోతే బ్లడ్ స్మియర్ (మైక్రోస్కోపు కింద రక్తకణాల పరీక్ష) చూడమనండి, సీలియాక్‌లో ప్లీహం (స్ప్లీన్) పని మందగించడం అప్పుడప్పుడూ జరుగుతుంది.

లివర్ గురించి మీరు భయపడుతున్న ఎస్‌జీపీటీ 52 చాలా కొద్ది పెరుగుదల. సీలియాక్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది, పథ్యం సరిగా ఉంటే చాలామందికి ఏడాదిలో సర్దుకుంటుంది. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, అప్పటికీ దిగకపోతే హెపటైటిస్ బి, సి పరీక్షలు, కడుపు స్కానింగ్ చేయించాలి. బరువు పెరిగాక ఫ్యాటీ లివర్ వచ్చే అవకాశమూ ఉంది కాబట్టి అన్నం, బెల్లం, నెయ్యి మోతాదు చూసుకోండి. ఇక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్ నుంచే కాదు, ఎముకల నుంచి కూడా వస్తుంది. మీకు విటమిన్-డి 17 ఉంది కాబట్టి నా అనుమానం ఎముకల మీదే. జీజీటీ అనే మరో లివర్ ఎంజైమ్ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది: అది మామూలుగా ఉంటే లివర్‌కి సంబంధం లేనట్టే. క్యాల్షియం, పీటీహెచ్ (క్యాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) కూడా చూపించండి. డి-విటమిన్ 60,000 యూనిట్లు వారానికొకటి చొప్పున 8 వారాలు ఇవ్వడం వాడుకలో ఉన్న మోతాదు, మీకు ఎంతో మీ డాక్టర్ నిర్ణయిస్తారు. ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ ఇదివరకు తీయించకపోతే ఒకసారి తీయించండి.

టీఎస్‌హెచ్ 5.8కి వెంటనే మందు మొదలుపెట్టక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్), యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద తయారయ్యే యాంటీబాడీలు) పరీక్షలతో కలిపి మళ్లీ చేయించండి, ఎందుకంటే సీలియాక్ ఉన్నవారిలో థైరాయిడ్ మీద కూడా రోగనిరోధక దాడి జరగడం ఎక్కువ. గర్భం కోసం చూస్తుంటే మాత్రం ఆగకుండా ఇప్పుడే డాక్టర్‌ని కలవండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి మూడు రోజుల ముందు ఆపండి, అవి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

ఇన్ని అంకెల్లో మీ చేతిలో ఉన్నది టీటీజీ ఒక్కటే. అది నేరుగా మీ కంచం గురించి చెబుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి వెళ్లినా పేగు పొర దెబ్బతింటుందని పరిశీలనల్లో తేలింది. అరగ్రాము మైదాలో దాదాపు అంత ఉంటుంది. మన డెల్టాలో అన్నం తింటాం కాబట్టి పథ్యం సులువే అనిపిస్తుంది, గ్లూటెన్ దొంగదారిన వస్తుంది. బజారులో దొరికే చాలా ఇంగువ డబ్బాల్లో గోధుమ పిండో మైదానో కలుపుతారు, అది పులిహోరలోకి, పప్పు తాలింపులోకి వెళ్తుంది. మిల్లులో గోధుమలు ఆడిన వెంటనే మీ బియ్యం పోస్తే మొదటి కిలో పిండిలో గోధుమ ఉన్నట్టే. ఇంట్లో షుగర్ ఉన్నవారికి రాత్రిపూట చపాతీలు చేస్తుంటే అదే పీట, అదే పెనం మీ అట్టుకి వాడకండి. మైసూర్ బజ్జీ వేగిన నూనెలో వేసిన శనగపిండి బజ్జీ కూడా వద్దు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, కళ్లకద్దుకుని ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి. తాపేశ్వరం మడతకాజాలో మైదా ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులు బియ్యపు పిండితో చేసేవి, నెయ్యి, పంచదార లేదా బెల్లం వేసినవైతే తినవచ్చు. బలానికని తాగే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది, వాటిని మానేయండి.

జబ్బు తగ్గిందా లేదా చూద్దామని ఒక చపాతీ తిని పరీక్షించుకోవద్దు. టీటీజీ, ఫెరిటిన్, సీబీసీ (రక్తకణాల లెక్క), ఎస్‌జీపీటీ మూడు నెలల తర్వాత, అదే ల్యాబ్‌లో. ఈలోగా బరువు తగ్గినా, విరేచనాలు మళ్లీ మొదలైనా, (ఐరన్ మాత్రతో మలం రంగు మారడం కాకుండా) తారులా జిగటగా నల్లటి మలం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ గడువు వరకు ఆగకండి. ఎస్‌జీపీటీ హద్దుకి మూడింతలు దాటినా, టీటీజీ తగ్గకుండా పెరిగినా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి పాత బయాప్సీ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. మళ్లీ ఎండోస్కోపీ చేయాల్సి వస్తే దాంతోనే పోల్చి చూస్తారు.