ఇంగ్లండ్ నుంచి వచ్చి విదేశంలో ఉంటున్నవారు ఫారంలో 'ఇంగ్లిష్' అని రాయాలా, 'బ్రిటిష్' అని రాయాలా?

జాతీయత గడిలో 'బ్రిటిష్' అనే రాయాలి. ఇంగ్లిష్ పౌరసత్వం అనేది చట్టంలో లేనే లేదు. 1983 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 1981 నాటి జాతీయతా చట్టం ఇచ్చేది బ్రిటిష్ పౌరసత్వమే. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ చూడండి: జాతీయత దగ్గర 'బ్రిటిష్ సిటిజన్' అని, అడుగున యంత్రం చదివే వరుసల్లో 'జీబీఆర్' అనే దేశపు కోడ్ ఉంటుంది. దరఖాస్తులో 'ఇంగ్లిష్' అని రాస్తే పాస్‌పోర్టుతో పొసగక వెనక్కి రావచ్చు. ఆన్‌లైన్ జాబితాలో 'ఇంగ్లండ్' దొరక్కపోతే 'యునైటెడ్ కింగ్‌డమ్' వెతకండి.

హాంకాంగ్‌వాళ్ళలో కొందరి దగ్గరుండే 'బ్రిటిష్ నేషనల్ (ఓవర్సీస్)' పాస్‌పోర్టు వేరు. అది బ్రిటిష్ పౌరసత్వం కాదు, కాబట్టి అందులో ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి.

ఇక నోటిమాట సంగతి. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ రాజ్యాలు కలిసి గ్రేట్ బ్రిటన్ అయ్యాయి. వేల్స్ అప్పటికే ఇంగ్లండ్‌లో కలిసి ఉంది. అందుకే స్కాట్లండ్ మనిషిని 'ఇంగ్లిష్' అంటే నొచ్చుకుంటారు, అది న్యాయమే. మనమూ 'ఆంగ్లేయులు' అని అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. రాయలసీమ ఎరిగిన మన్రో దొర పుట్టింది గ్లాస్గోలో, ఆయన స్కాట్! యునైటెడ్ కింగ్‌డమ్‌లోనే భాగమైన ఉత్తర ఐర్లండ్‌వాళ్ళయితే 1998 నాటి గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం ప్రకారం బ్రిటిష్, ఐరిష్, లేదా రెండూ అని చెప్పుకోవచ్చు. వాళ్ళని అడిగి తెలుసుకోవడమే మర్యాద.