ఎండాకాలం గాలి తగ్గించాలనే మాట ఎవరు పుట్టించారో గానీ

‘మే నెలలో పిల్లలతో హైదరాబాద్ నుంచి తిరుపతికి కారులో వెళ్తున్నాం. ఎండలకు టైర్లు పేలకుండా గాలి కాస్త తగ్గించుకోమని అందరూ అంటున్నారు, నిజమేనా? అసలు ఏ కాలంలో ఎంత గాలి ఉంచాలి?’ అని అడిగారు కదా.

తగ్గించొద్దండీ. ఎవరు చెప్పినా, చివరికి మీ మామగారు చెప్పినా సరే, తగ్గించొద్దు. నేను ఒకసారి ఆ మాట విని మా అమ్మను మిట్టమధ్యాహ్నం హైవే పక్కన వేపచెట్టు కింద గంటన్నర కూర్చోబెట్టాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడేళ్ల కిందటి మాట. మే నెల. కోదాడలో మా ఆవిడ వాళ్ల పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి. బాచుపల్లి నుంచి పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలనుకున్నాం, చీరల పెట్టెలూ అరిసెల డబ్బాలూ సర్దేసరికి పన్నెండు దాటింది (ఇది కూడా టైరు ఆరోగ్యానికి సంబంధించిన విషయమే, కానీ ఇంట్లో అంటే గొడవ). కారులో ఐదుగురం. డిక్కీ మూత పడాలంటే ఒకరు నొక్కి పట్టుకోవాలి. దుండిగల్ దగ్గర ఔటర్ ఎక్కి, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేటలో దిగేసరికి ఒంటిగంటన్నర. బయట 43 డిగ్రీలు. డీజిల్ కోసం ఒక బంకులో ఆగితే ముందు సీట్లో ఉన్న మా బావమరిది, “ఎలాగూ ఆగాం కదా బావా, గాలి కూడా చూపించేద్దాం” అన్నాడు.

పిల్లాడు పైపు పెట్టాడు. ప్రెషర్ 39 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). తర్వాతి దానికి 38. నాలుగూ అంతే. “ఇంతెందుకున్నది సార్, ఈ ఎండకు పేలుతది, 28 పెట్టుకోండ్రి” అన్నాడు. మా బావమరిదికి కావలసింది అదే. “చూశావా బావా, సమ్మర్‌లో తక్కువే ఉండాలి, రోడ్డు వేడికి దానంతట అదే పెరుగుతుంది” అని మొదలెట్టాడు. వినడానికి సబబుగానే ఉంది కదా, నాకూ సబబుగానే అనిపించింది. నాలుగు టైర్లలోనూ బుస్సుమని గాలి తీయించేశాం. పిల్లాడి చేతిలో ఇరవై రూపాయలు కూడా పెట్టాను, నా టైరు చంపినందుకు.

అప్పుడు నేను చూడనిది ఒకటుంది. డ్రైవర్ డోరు తీస్తే ఆ పక్క స్తంభానికి ఒక స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లలో ఇంధనం మూత లోపల ఉంటుంది. నా కారుకు దాని మీద 33 అని రాసి ఉంది. ఆ 33 చల్లటి టైరు లెక్క. చల్లటి టైరు అంటే చలికాలం టైరు కాదు, కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండి టైరు. అరవై డెబ్భై కిలోమీటర్లు ఎండలో పరిగెత్తిన టైరులో ఐదారు పీఎస్ఐ పెరగడం మామూలే, కారు చేసినవాడు ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే ఆ అంకె ఇచ్చాడు. అంటే నాకు కనిపించిన 39 పొద్దున్నే సెల్లార్లో చూసి ఉంటే అచ్చంగా 33 అయ్యుండేది. ఖచ్చితంగా ఉన్న దాన్ని నేను 23కి దించాను. ఐదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో, వందకు తగ్గకుండా పోనిస్తూ.

చౌటుప్పల్ టోల్ దాటాం. చిట్యాల దాటాం. నార్కట్‌పల్లి దగ్గర అమ్మ వెనక నుంచి “ఏదో కాలిన వాసన వస్తోందిరా” అంది. లారీల బ్రేకులమ్మా అన్నాను. మలుపుల్లో బండి వెనక భాగం కాస్త ఊగుతున్నట్టు తెలుస్తూనే ఉంది, సామాను బరువులే అనుకున్నాను. మనకు ప్రతిదానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది కదా! కట్టంగూరు దాటాక వెనక ఎడమ వైపు దడదడదడమని మొదలైంది. సినిమాల్లోలా ఢామ్మని పేలలేదు, దేవుడి దయ. పక్కకు తీసి దిగి చూస్తే టైరు పక్కగోడ గుండ్రంగా, కత్తితో గీసినట్టు చీలిపోయి ఉంది. చెయ్యి దగ్గరికి పెడితే సెగ కొడుతోంది.

స్టెపినీ తీయాలంటే అరిసెల డబ్బాలు దించాలి. దించాం. స్టెపినీ బయటికి తీసి బొటనవేలితో నొక్కితే పక్కగోడ లోపలికి పోతోంది, కారు కొన్నప్పటి నుంచి దాని మొహం చూసినవాడు లేడు. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ట్రాలీ ఆటో ఒకటి ఆపి రెండు చక్రాలూ అందులో వేసుకుని ముందున్న లారీల పంక్చర్ షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన ఇనుప పట్టీలతో టైరు విప్పి, నిలబెట్టి ఒకసారి తట్టి వంచాడు. లోపలి నుంచి నల్లటి పొడి, కాఫీ పొడి లాంటిది, జలజలా సిమెంటు గచ్చు మీద పడింది. ఒకటిన్నర గ్లాసు ఉంటుంది. ఆయన దాన్ని కాలితో అటూ ఇటూ జరిపి, “ఎండకు పోలేదు సార్ ఇది. గాలి తక్కువైతే లోడు మీద సైడు మడత వడుకుంట నడుస్తది. లోపల్లోపలే నూరుకపోయింది” అన్నాడు. టైరు లోపల వేలు పెట్టి తడిమితే చుట్టూరా గరుకుగా, ఆకురాయితో రుద్దినట్టు ఉంది.

ట్రెడ్‌లో, అంటే రోడ్డుకు ఆనే భాగంలో, ఒక చిన్న మేకు కూడా దొరికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా బావమరిది ఇప్పటికీ ఆ మేకే కారణమంటాడు. అది ఎప్పుడు దిగిందో ఎవరికి తెలుసు. మేకు ఉంటే ఉండనీ, నూరింది మాత్రం తక్కువ గాలే, నాకు అనుమానం లేదు. టైర్లు ఎండాకాలం ఎక్కువగా పోయేది గాలి ఎక్కువై కాదు, తక్కువై. గాలి తక్కువగా ఉన్న టైరు నేల మీద పరుచుకుంటుంది, పక్కగోడ తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. బయటి ఎండ దానికి తోడు. వేడి తగ్గుతుందని గాలి తీస్తే వేడి ఇంకా పెరుగుతుందన్నమాట.

ఇక మీరడిగిన కాలాల సంగతి. ఏ కాలమైనా స్టిక్కర్ మీది అంకె ఒకటే, కాలం మారినప్పుడు టైరులోని గాలే మారుతుంది. వేడిలో పది డిగ్రీల తేడాకు ఒకటిన్నర పీఎస్ఐ అటో ఇటో జరుగుతుంది. హైదరాబాదులో మే మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకీ ముప్పై డిగ్రీల తేడా ఉంటుంది, అంటే ఎవరూ ముట్టుకోకుండానే నాలుగైదు పాయింట్లు. దీనికి తోడు మంచి టైరైనా నెలకు ఒక పాయింటు రబ్బరులోంచే మెల్లగా వదులుతుంది. అందుకే చలి మొదలయ్యే నవంబరులో ఒకసారి తప్పకుండా గాలి ఎక్కించుకోవాలి. ఎండాకాలం మొదట్లో పొద్దున్నే చూసి నిజంగా స్టిక్కర్ కంటే ఎక్కువుంటే అప్పుడు తీయండి, ఎవరు వద్దన్నారు.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రతి జనవరిలో ఒక మెసేజ్ వస్తుంది. తెల్లవారుజామున శంషాబాద్ ఫ్లైటుకు బయల్దేరినవాళ్లకి డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడాలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు లైటు వెలుగుతుంది. టెన్షన్. గచ్చిబౌలి దాటేసరికి అదే ఆరిపోతుంది, ‘సెన్సర్ ప్రాబ్లం అనుకుంటా’ అని రెండో మెసేజ్. సెన్సర్‌కు ఏ రోగమూ లేదు బాబూ, చలికి గాలి కుంచించుకుంది, నడిచాక వేడెక్కి గీత దాటింది. ఆరిపోయినా తక్కువ తక్కువే. కొన్ని కార్లలో అసలు ప్రెషర్ కొలిచే సెన్సరే ఉండదు, బ్రేకుల కోసం పెట్టిన ఏబీఎస్ సెన్సర్లతో చక్రం వేగం చూసి ఏది చిన్నదైందో ఊహిస్తుంది. నాలుగూ సమానంగా తగ్గితే దానికి తెలియకపోవచ్చు. లైటును నమ్ముకుని కూర్చోవద్దు.

వానాకాలం గ్రిప్ కోసం తగ్గించాలనేవాళ్లు ఇంకో రకం. ఇసుకలో దిగబడితే తగ్గిస్తారు, మియాపూర్ రోడ్డు మీద కాదు. గాలి తక్కువుంటే టైరు నీళ్లను చీల్చలేక పైన తేలుతుంది. పైగా నీళ్ల కింద గుంత కనబడదు, అందులో పడితే మెత్తటి టైరు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగి పక్కన బుడగ లేస్తుంది. బుడగ లేస్తే ఆ టైరు మార్చాల్సిందే, అతుకులు పనిచేయవు.

బంకుల సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. గాలి ఉచితంగా పట్టాలి, అది వాళ్ల బాధ్యత. వెళ్తే ‘హవా మిషన్ ఖరాబ్’ అని అట్టముక్క. పనిచేస్తే రెండు మిషన్లు రెండు లెక్కలు చూపిస్తాయి. అడగకుండా అందరికీ 35 కొట్టేసేవాళ్లున్నారు. వాల్వ్ క్యాపులు ఎక్కడికి పోతాయో ఆ భగవంతుడికే తెలియాలి. ఇక నైట్రోజన్. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, మనం టైరుకు ఇంతని కట్టేది మిగతా 22 కోసం. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, అంతవరకు నిజం. ఎండకు పెరగదు, చలికి తగ్గదు అని చెబుతారు చూడండి, అది మాత్రం శుద్ధ అబద్ధం, ఏ వాయువైనా పెరుగుతుంది.

కోదాడ నుంచి వచ్చిన వారమే ఐదారు వందలు పెట్టి ముల్లున్న గేజ్ ఒకటి కొన్నాను. నెలకోసారి ఆదివారం పొద్దున, బండి తీయకముందు, సెల్లార్లోనే చూస్తాను. వాచ్‌మన్ మొదట్లో నేనేదో దొంగతనం చేస్తున్నట్టు చూసేవాడు. బయట నిలిపితే ఎండ తగిలే వైపు టైర్లు రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తాయి, అది చూసి కంగారుపడి గాలి తీయొద్దు. ఇంట్లో పంపు లేకపోతే ఒక ఉపాయం: పొద్దున చల్లగా ఉన్నప్పుడు 29 ఉంది, కావలసింది 33 అనుకోండి. నాలుగు తక్కువ. బంకుకు వెళ్లేసరికి వేడెక్కి 32 చూపిస్తుంది. అప్పుడు 33 కాదు, 36 చేయించండి. పిల్లాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

టైరు పక్కన అచ్చేసిన ‘మ్యాక్స్’ అంకె చూసి కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకు కావలసింది కాదు. అదే పక్కగోడ మీద నాలుగంకెలు కూడా ఉంటాయి చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీ టైర్లు ఏళ్ల నాటివైతే గాలి సంగతి తర్వాత, ముందు వాటి సంగతి చూడండి.

కొత్త కారైతే స్టెపినీ ఉందో లేదో డిక్కీ ఎత్తి చూసుకోండి. టైర్ ప్రెషర్ చెప్పే సిస్టమూ పంక్చర్ కిట్టూ ఉంటే స్టెపినీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. మేకు దిగితే కిట్టు సరిపోతుంది గానీ, నాకు చీలినట్టు పక్కగోడ చీలితే ఆ కిట్టులోని జిగురు ఎందుకూ పనికిరాదు. ఆ రోజు మెత్తగా ఉన్నా స్టెపినీ ఉంది కాబట్టి దానికి గాలి కొట్టించుకుని పెళ్లికి చేరాం. వరపూజ అయిపోయింది, భోజనాలు దొరికాయి.

తిరుపతి అంటే ఐదువందల కిలోమీటర్ల పైమాటే. స్టిక్కర్ మీద నిండు లోడుకు వేరే అంకె ఉంటుంది, ముఖ్యంగా వెనక టైర్లకు. పిల్లలూ సామానూ అంతా ఉంటే అదే పెట్టుకోండి, స్టెపినీతో సహా, బయల్దేరే రోజు తెల్లవారుజామున. దారిలో కర్నూలు దగ్గరో కడప దగ్గరో ఏ బంకులోనైనా 39 కనబడి, ఎవరైనా ‘తీసేద్దాం సార్’ అంటే డీజిల్ డబ్బులిచ్చి బండెక్కేయండి.