టీకా వేయించాక ఆ రెండు రోజులూ

చి.ల.సౌ. లక్ష్మికి,

పర్లాకిమిడి నుంచి మీ మావయ్య ఆశీస్సులు. మీ నాన్నకీ నానమ్మకీ ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయిద్దామనుకుంటే, షుగరున్నవాళ్లకీ చుట్ట తాగేవాళ్లకీ అవి పడవని కాశీనగరంలో అందరూ భయపెడుతున్నారని రాశావు. అలాంటివాళ్లకే అవి ముందు కావాలమ్మా. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి తోసే సన్నని నూగు పొగకి దెబ్బతింటుంది. షుగర్ ఎక్కువుంటే తెల్ల రక్తకణాలు గట్టిగా పోరాడలేవు. టీకా తర్వాత చెయ్యి నొప్పి, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం ఎవరికైనా వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. మనం కనిపెట్టుకోవలసింది ఆ జ్వరం షుగర్‌ని ఏం చేస్తుందోనని.

నాన్నని పరగడుపున తీసుకెళ్లకు. టిఫిను తిని, రోజూ వేసుకునే మందులు వేసుకునే బయల్దేరాలి. ఇన్సులిన్ చేతికి పొడుచుకునే అలవాటుంటే ఆ రెండు రోజులూ పొట్టకి పొడుచుకోమను. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. చెమటలు, వణుకు వస్తే షుగర్ మీటరుతో చూడు. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. చూసేముందు వేలు కడిగి తుడవాలి, బెల్లమో అరటిపండో అంటిన వేలితో చూస్తే లేని షుగర్ కనబడుతుంది. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం ఉంటే మాత్రం అది టీకా పడకపోవడమే. వెంటనే నర్సుని పిలువు, అడ్రినలిన్ సూది ఆలస్యం కాకూడదు.

ఇంటికొచ్చాక షుగర్ ఎటైనా పోవచ్చు. జ్వరానికి పెరుగుతుంది. నోరు చేదుగా ఉందని అన్నం మానేసి, షుగర్ తగ్గించే గ్లిమిపెరైడ్ మాత్ర మాత్రం వేసుకుంటే అర్ధరాత్రి పడిపోతుంది. అందుకే ఇన్సులిన్ మీదున్న మనిషికి నాలుగు గంటలకోసారి చూడాలి. తినలేకపోతే చోడంబలో (రాగి అంబలి) గంజో కొంచెం కొంచెంగా తాగించు. తిండి తగ్గిందని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకు, ఎంత తగ్గించాలో డాక్టరుని అడుగు. వాంతులు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు ఆపి అదే పూట డాక్టరుకి చెప్పు. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లకి మీటరులో అంకె మామూలుగానే ఉన్నా రక్తంలో ఆమ్లం పేరుకుపోవచ్చు. షుగర్ 300 దాటి దిగకపోతే ఆసుపత్రికే.

జ్వరానికి పారాసెటమాల్ 650 ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు మించకుండా. జలుబు మాత్రల్లోనూ అదే మందుంటుంది, రెండూ కలిపి వెయ్యకు. నాకు అన్నిటికన్నా భయం డెక్సా సూదంటే. జ్వరం ఇట్టే దిగిపోతుందని ఊళ్లో వేయించుకుంటారు. అది స్టెరాయిడు. జ్వరం దిగుతుంది, షుగర్ మాత్రం కొన్ని గంటల్లోనే ఎగబాకి ఒకటి రెండు రోజులు దిగిరాదు. తప్పు టీకా మీద పడుతుంది. ఎవరేం సూది వేస్తామన్నా పేరు అడగందే చెయ్యి పట్టనివ్వకు.

నానమ్మది అడ్డపొగ కదా. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగిన వెంటనే థర్మామీటరు నాలుక కింద పెడితే లేని జ్వరం చూపిస్తుంది. అరగంట ఆగు, లేదా చంకలో పెట్టు. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరునీ పూర్తిగా నమ్మకు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తానికి పట్టుకుంటే, మీటరు దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. ఆయాసం పెరిగిందా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతోందా అన్నది నీ కళ్లతో చూసుకో. "చుట్ట దగ్గే" అని ఆవిడే కొట్టిపారేస్తుంది, నువ్వు కొట్టిపారెయ్యకు.

ఇద్దరిలో ఎవరికి గుండెల్లో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట వచ్చినా టీకా నొప్పి అనుకుని కూర్చోకు. షుగరున్నవాళ్లకి గుండెపోటులో నొప్పే లేకపోవచ్చు, ఒట్టి ఆయాసమే కనబడొచ్చు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీయించాలి.

చెయ్యి వాపుకి తడిగుడ్డ చాలు. సున్నం, పసుపు పట్టించొద్దు, రుద్దొద్దు. మూడో రోజుకి ఎరుపు తగ్గకపోగా పెరిగి, చీము పడుతున్నట్టుంటే చూపించు. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. న్యుమోనియాది ఏ రకం వేశారో, ఏ తేదీనో కార్డు మీద రాయించి దాచు. తర్వాతది ఎప్పుడో ఆ రకాన్ని బట్టే చెబుతారు.

మీ మావయ్య